ముందు జాకెట్లను లెక్కపెట్టండి

ప్రశ్న: నాకు యాభై నాలుగేళ్లు. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్న ఇంటి నుంచి వచ్చే మాఘమాసంలో మధురవాడలో కొనుక్కున్న రెండు పడకగదుల కొత్త ఫ్లాటుకు మారుతున్నాం. రెండు ఇనుప బీరువాలు, ఒక ట్రంకు పెట్టె నిండా బట్టలున్నాయి. చీరలే నూట ఎనభై దాటాయి. అందులో పదిహేడు కిందటి ఏడాది కాలం చేసిన మా అత్తగారి పట్టుచీరలు. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి ‘ముప్పై బట్టలుంటే చాలమ్మా, మిగతావన్నీ ఇచ్చెయ్యి’ అంటోంది. నాకూ ఇల్లు తేలికపడాలనే ఉంది గాని, బీరువా తలుపు తీయగానే చేతులు రావడం లేదు. పైగా వానలు వెళ్లాక పట్టుచీరల మీద తెల్లని మచ్చలు కనిపించాయి. ఎన్ని ఉంచుకోవాలి? అత్తగారి చీరలు ఏం చేయాలి? మచ్చల సంగతేమిటి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, నమస్కారం.

ఎన్ని ఉంచుకోవాలన్న మీ మొదటి ప్రశ్నకు ఒక అంకె చెప్పి ఊరుకోవడం సులువే. కానీ ఆ అంకె మీ రోజువారీ జీవితంలో నుంచి వచ్చినదైతేనే మీరు దానికి కట్టుబడి ఉండగలుగుతారు. మీ అమ్మాయి చెప్పిన ముప్పై బట్టల లెక్క చెడ్డదని నేను అనను. అది ఏ బట్టలను దృష్టిలో పెట్టుకొని పుట్టిందో తెలిస్తే మాత్రం మీకు చేతులు ఎందుకు రావడం లేదో మీకే అర్థమవుతుంది. లండన్‌లో బట్టల దుకాణం నడిపిన సూజీ ఫాక్స్ 1970ల్లో ‘క్యాప్సూల్ వార్డ్‌రోబ్’ (ఒకదానితో ఒకటి జత కలిసే కొద్దిపాటి బట్టలతోనే సరిపెట్టుకోవడం) అన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కారన్ ఒకదానితో ఒకటి కలిపి వేసుకోగల ఏడు రకాల దుస్తుల వరుసను తెచ్చాక ఆ ఆలోచన ఇంకా పాకింది. ఆ పద్ధతికి ప్రాణమంతా జత కలపడంలోనే ఉంది. ఐదు చొక్కాలు, నాలుగు ప్యాంట్లు ఉంటే ఇరవై రకాలుగా వేసుకోవచ్చు గనుక తొమ్మిది బట్టలతోనే ఇరవై రోజులు కొత్తగా గడుస్తాయి.

చీరకు ఈ లెక్క ఉన్నది ఉన్నట్టుగా అమరదు. ఐదున్నర మీటర్ల చీర దానంతట అదే పూర్తి వస్త్రం. దానితో జత కలిసేది జాకెట్టు ఒక్కటే. మనం అలవాటుగా ప్రతి చీరకూ దానితో వచ్చిన గుడ్డతోనే ఒక జాకెట్టు కుట్టించుకుంటాం. ఆ ఒక్క జాకెట్టు చంకల దగ్గర బిగుసుకున్న రోజు నుంచి చీర ఎంత కొత్తదైనా, ఎంత ఇష్టమైనదైనా అరలోనే ఉండిపోతుంది. అందుకే మన ఇళ్లలో బీరువా తేలికపరిచే పని జాకెట్ల నుంచి మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. చీర చేతిలోకి తీసుకుంటే దాని వెనుక పెళ్లో, పేరంటమో, ఎవరిదో ముఖమో గుర్తుకు వచ్చి నిర్ణయం జరగదు. జాకెట్టు దగ్గర ఆ బాధ తక్కువ. అది పడుతుందో లేదో అద్దమే చెబుతుంది.

ఒక ఆదివారం ఉదయం జాకెట్లన్నిటినీ మంచం మీద వేయండి. ఆ రోజు చీరల జోలికి వెళ్లవద్దు. ఒక్కొక్క జాకెట్టునూ నిజంగా తొడుక్కొని, చేతులు పైకెత్తి, నల్లబల్ల మీద రాస్తున్నట్టు కదిపి చూడండి. ఇబ్బంది లేకుండా పట్టేవి ఒక వైపు, కుట్టు విప్పితే పట్టేవి మరొక వైపు, ఇక పట్టనివి వేరొక వైపు పెట్టండి. మంచి దర్జీలు పక్క కుట్ల లోపల అంగుళం, అంగుళంన్నర గుడ్డ మడిచి వదులుతారు. లోపలికి తిప్పి చూస్తే మీకే తెలిసిపోతుంది. అలా విప్పదగ్గవన్నీ ఒకే సంచిలో వేసి ఆ వారంలోనే దర్జీకి ఇవ్వండి. రెండేళ్ల క్రితం నేను ఇదే పని చేసినప్పుడు, నా చీరల్లో మూడో వంతుకైనా నాకు పట్టే జాకెట్టు లేదని తేలింది. కట్టుకోవడానికి సరైన చీర లేదనుకుంటూ అన్నేళ్లు ద్వారకానగర్ దుకాణాలకు వెళ్లానే, నిజానికి నాకు కావలసినవి కొత్త చీరలు కావు, నాలుగు కుట్లు విప్పే దర్జీ అని అప్పుడు అర్థమైంది. ఫాల్ వేయించని చీరలు, అంచుకు జిగ్‌జాగ్ కుట్టించని చీరలు కూడా ఈ కోవలోనివే. అవి ఎన్ని ఉన్నాయో చూసి, పని పూర్తి చేయించాలనిపించనివి ఇచ్చివేయవలసిన వాటిలో చేర్చండి.

తరువాత ఆరు ఉమ్మడి జాకెట్లు సిద్ధం చేసుకోండి: నలుపు, మెరూన్, ముదురాకుపచ్చ, ముదురు నీలం, జరీ రంగు, వీటితోపాటు సాదా చీరలకు నప్పే ఒక కలంకారీ జాకెట్టు. నూలువి, అస్తరు లేనివి అయితే మన ఉక్కపోతకు హాయిగా ఉంటాయి. జరీ రంగుది మాత్రం పట్టుచీరల కోసం కొంచెం మంచి గుడ్డతో కుట్టించుకోండి. సొంత జాకెట్టు పోగొట్టుకున్న చీరల్లో చాలా వాటికి ఈ ఆరింటిలో ఏదో ఒకటి జత కలుస్తుంది. కలపడానికి ప్రయత్నించాక కూడా దేనితోనూ నప్పని చీర, దాని కోసమే కొత్తగా ఒకటి కుట్టించాలని మీకు అనిపించని చీర, మీ దగ్గర ఉండవలసినది కాదు.

ఇప్పుడు అంకె దగ్గరికి వద్దాం. మీరు వారానికి ఆరు రోజులు బడికి వెళ్తారు. విశాఖ గాలిలో తేమ వల్ల నూలు చీర ఒకసారి కడితే ఉతకక తప్పదు. ఉతికి, ఆరి, ఇస్త్రీకి వెళ్లి తిరిగి అరలోకి రావడానికి మామూలు రోజుల్లో వారం పడితే, సెప్టెంబరు, అక్టోబరు వానల్లో పది రోజులు పట్టవచ్చు. అంటే రెండు వారాలకు పన్నెండు, చేతి కింద మరో రెండు, వెరసి బడి చీరలు పద్నాలుగు. పేరంటాలకు, సభలకు, బంధువుల ఇళ్లకు ఎనిమిది. పట్టుచీరలు పది, వరలక్ష్మీ వ్రతానికి ఒకటి, సంక్రాంతికి ఒకటి, సింహాచలం చందనోత్సవానికి ఒకటి అనుకుంటూ లెక్కవేసినా ఏడాదిలో పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు తగినన్ని మిగులుతాయి. వెరసి ముప్పై రెండు. ఇంట్లో కట్టుకునేవి, నైటీలు, రెండు మూడు పంజాబీ డ్రెస్సులు దీనికి అదనం. అరకు, లంబసింగి ప్రయాణాల కోసం మనిషికి ఒక స్వెటరు, ఒక శాలువా చాలు, ఎందుకంటే విశాఖ చలికి అంతకు మించి అవసరం పడదు. మీ అమ్మాయి అన్న ముప్పై మీకు చీరల వరకు సరిపోయింది, చూశారా! రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 62 ఏళ్లు గనుక బడి చీరల అవసరం మీకింకా ఎనిమిదేళ్లు ఉంటుంది. ఆపైన ఆ పద్నాలుగింటిలో సగం తగ్గించుకోవచ్చు.

ఈ పని ఒక్క రోజులో తేల్చేయాలని చూడకండి. అన్నీ గది నిండా పరిచి, మధ్యాహ్నానికి అలసిపోయి, మళ్లీ ఎలా ఉన్నవి అలా బీరువాలోకి తోసేసిన ఇళ్లు నేను ఎన్నో చూశాను. రోజుకు ఒక అర, అంతే. తువ్వాళ్లు, దుప్పట్లు, లోపలి లంగాల వంటి వాటితో మొదలుపెట్టి, నూలు చీరలు, సింథటిక్ చీరలు అయ్యాక, పట్టుచీరలను చివరికి ఉంచుకోండి. నిర్ణయించే అలవాటు చేతికి వచ్చాకే మనసుకు దగ్గరగా ఉన్నవాటిని పట్టుకోవాలి. ఏ చీరనైనా తేల్చుకోలేకపోతే దాన్ని అర ఎడమ చివర పెట్టి, కట్టిన ప్రతి చీరనూ కుడి చివరకు చేరుస్తూ వెళ్లండి. ఏడాది పండుగలన్నీ గడిచాక కూడా ఎడమ చివరే ఉండిపోయినవి ఏవో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పెట్టుబడి చీరల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బీరువాలు నిండేది మనం కొన్నవాటితో మాత్రమే కాదు. గృహప్రవేశానికి ఒకరు, పెళ్లికి ఒకరు, పసుపు కుంకుమతో ఒకరు పెట్టినవి, వాటితోపాటు రంగురంగుల జాకెట్టు గుడ్డలు వచ్చి చేరుతూనే ఉంటాయి. బొట్టు పెట్టి ఇచ్చినది కాదనలేం, కాదనకూడదు కూడా. అయితే ఇచ్చినవారి ప్రేమ ఇచ్చిన క్షణంలోనే మనకు అందింది. ఆ చీరను ఇరవై ఏళ్లు దాచినంత మాత్రాన అది పెరగదు. మీరు కట్టనివాటిని ఒకే అరలో పెట్టి, ఎవరు ఎప్పుడు పెట్టారో చిన్న కాగితం మీద రాసి మడతలో ఉంచండి. అప్పుడు మీరు ఇతరులకు పెట్టవలసి వచ్చినప్పుడు అవే ఉపయోగపడతాయి, పెట్టినవారి ఇంటికే తిరిగి వెళ్లే పొరపాటూ జరగదు. ఆషాఢం తగ్గింపు ధరలకు పెట్టుబడి కోసమని కట్టలుగా కొని దాచే అలవాటును ఈ ఏడాదితో మానుకోవాలని మాత్రం మిమ్మల్ని బతిమాలుతున్నాను.

ఇక మీ అత్తగారి చీరలు. ఆవిడ పోయి ఏడాదే అయింది కాబట్టి మీరు తటపటాయించడం సహజం, తొందరపడనక్కరలేదు. కానీ ఒక విషయం మరిచిపోవద్దు: ఆ పదిహేడు చీరలు మీ బీరువాలో ఉన్నా మీ ఒక్కరివే కావు. మీ ఆడపడుచులు, తోటికోడళ్లు, మనవరాళ్లు అందరికీ వాటి మీద మనసు ఉండవచ్చు. ఇల్లు మారక ముందే ఒక సెలవు రోజున వారిని భోజనానికి పిలిచి, చీరలన్నీ చాప మీద పరిచి, ఒక్కొక్కరినీ తమకు నచ్చినది తీసుకోమనండి. పెద్ద ఆడపడుచుతో మొదలుపెట్టండి. మీ అత్తగారు ఏ చీర ఏ పెళ్లికి కట్టారో ఆ పూట వాళ్లు చెప్పుకునే మాటలు వింటే, ఆ చీరలు చీకట్లో మడతల మధ్య ఉండడం కంటే నలుగురి ఒంటి మీద ఉండడమే మేలని మీకూ అనిపిస్తుంది. ఎవరినీ అడగకుండా ముందే ఇచ్చివేస్తే ఆ మాట ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. అటువంటి బాధ నేను మా పుట్టింట్లో దగ్గర నుంచి చూశాను. మీ కోసం రెండు ఉంచుకోండి: మీరు నిజంగా కట్టేది ఒకటి, కట్టకపోయినా చూసుకోవాలనిపించేది ఒకటి. పెళ్లినాటి మధుపర్కాల వంటివి ఉంటే వాటిని ఈ లెక్కలో కలపవద్దు. అవి కుటుంబం దాచుకోవలసినవి.

మిగిలినవాటిలో మడత దగ్గర చిరిగినవి, జరీ నల్లబడినవి కొన్ని ఉంటాయి. పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవారికి తొందరపడి ఇవ్వకండి. వెనుకటి అసలు జరీలో పట్టుదారం చుట్టూ చుట్టినది వెండి తీగ, దానిపైన బంగారు పూత. ఈ కాలపు జరీ అంతా అటువంటిది కాదు, రాగి తీగది, ప్లాస్టిక్‌ది కూడా ఉంటుంది. మీ చీర జరీ ఏదో నమ్మకమైన చోట పరీక్ష చేయించుకున్నాకే ధర మాట్లాడండి. అమ్మడం ఇష్టం లేకపోతే బాగున్న అంచును, కొంగును కత్తిరించి సాదా పట్టుగుడ్డకు కుట్టించి మనవరాలికి పరికిణీ చేయవచ్చు.

నలిగిన నూలు చీరలకు మన ఇళ్లలో ఎప్పటి నుంచో దారి ఉంది. నాలుగు పొరలు వేసి బొంత కుట్టించుకోవచ్చు, పసిబిడ్డకు పొత్తిగుడ్డలుగా, ఉయ్యాలగా పనికివస్తాయి. కొత్త గుడ్డ మెత్తదనం వాటికి ఎప్పుడూ సాటి రాదు. బాగా పాడైనవి మసిగుడ్డలు. మీవారి పొందూరు ఖద్దరు పంచెలు ఉంటే మాత్రం వాటిని ఈ కుప్పలో వేయవద్దు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేతితో వడికిన నూలుతో శ్రీకాకుళం జిల్లాలో నేసే బట్ట అది. చిరిగినా పలచని ఆ గుడ్డ పట్టుచీరలు చుట్టడానికి చక్కగా పనికివస్తుంది. ఒకరికి కట్టుకోవడానికి ఇచ్చేవి ఉతికి, ఇస్త్రీ చేయించి, చీరతో లోపలి లంగా, కుట్టని జాకెట్టు గుడ్డ జతచేసి ఇవ్వండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెకైనా సరే, మూట కట్టి చేతిలో పెట్టక, ముందు పరిచి చూపించి ఏవి కావాలో ఆమెనే ఏరుకోనివ్వండి. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవారికి సింథటిక్ చీరలు, చొక్కాలు వేయవచ్చు. కాకపోతే చీరలు ఖాళీ చేసిన చోట గిన్నెలు నింపుకోకుండా చూసుకోండి.

మీవారి బట్టల్లో మీరు చేయి పెట్టవద్దు, ఆయనకు ఒక అర చూపించి అది దాటకుండా చూసుకోమనండి. మీ అమ్మాయి వదిలి వెళ్లిన బట్టలన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, ఈసారి సెలవులకు వచ్చినప్పుడు తనే తేల్చాలని చెప్పండి.

చివరిది తెల్లని మచ్చల సంగతి. అది బూజు. చెమ్మ, చెమట, గంజి, చీకటి కలిసిన చోట బూజు పడుతుంది. కిక్కిరిసిన బీరువా, అందులోనూ బయటి గోడకు ఆనించిన బీరువా, దానికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ పగిలి నీళ్లు బీరువా కింది అరలోకి చేరాయి. కరెంటు లేని ఆ రోజుల్లో తడిసిన చీరలను ఒకదాని మీద ఒకటి వేసి ఉంచడం వల్ల, మెరూన్ చీర రంగు దిగి మా అమ్మ ఇచ్చిన గోధుమ రంగు పట్టుచీరకు పట్టింది. అది ఇక పోలేదు. ఆనాటి నుంచి పట్టుచీరలను పై అరల్లో, ఒక్కొక్కదాన్నీ విడిగా పలచని తెల్లని నూలు గుడ్డలో చుట్టి ఉంచుతున్నాను. ప్లాస్టిక్ సంచులు చెమ్మను లోపలే పట్టి ఉంచుతాయి గనుక అవి వద్దు.

మచ్చలున్న చీరలను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి. ముక్కుకు గుడ్డ కట్టుకొని, డాబా మీద గాలి ఆడే నీడలో మెత్తని పొడి బ్రష్‌తో దులిపి, ఒక పూట ఆరనిచ్చి, ఆపైన డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. తడి గుడ్డతో రుద్దితే మచ్చ ఇంకుతుంది. దులపకుండా దాని మీద ఇస్త్రీ పెట్టకూడదు. పట్టును తీవ్రమైన ఎండలో వేస్తే రంగు వెలిసిపోతుంది. నూలు చీరలైతే వేడినీటిలో ఉతికి ఎండలోనే ఆరవేయవచ్చు. ఇకముందు పట్టుచీర కట్టి వచ్చిన రాత్రి దాన్ని వెంటనే మడవక, ఫ్యాను కింద దండెం మీద తెల్లవార్లూ ఆరనివ్వండి. మూడు నెలలకు ఒకసారి తీసి మడత మార్చండి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే పట్టు, జరీ అక్కడే తెగుతాయి. గంజి పెట్టిన చీరలు ఎక్కువ కాలం దాచకూడదు, వెండిలా మెరుస్తూ పరుగెత్తే చిన్న పురుగులకు గంజి ఇష్టమైన ఆహారం. కలరా ఉండలు వాడితే గుడ్డ మూటలో కట్టి అర మూల పెట్టండి, జరీకి తగలనివ్వవద్దు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే అవి అసలు వద్దు; జి-6-పి-డి అనే ఎంజైము లోపమున్న పిల్లలకు ఆ వాసనతో ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదముంది. ఎండిన వేపాకు మూట, సిలికా జెల్ పొట్లాలు వాటికంటే మేలు. సముద్రపు గాలికి మన ఊళ్లో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి చీరలో పిన్నీసు వదలకండి, ఇనుప హ్యాంగర్లు వాడకండి. తెల్లని నూలు గుడ్డ మీద తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే చాలావరకు పోతుంది; పట్టు మీద ఆ ప్రయత్నం చేయవద్దు.

కొత్త ఫ్లాటు గోడల్లో సిమెంటు, పుట్టీ, రంగుల తాలూకు చెమ్మ కొన్ని నెలలు ఉంటుంది. గోడలోనే అమర్చిన చెక్క అరల్లోకి పట్టుచీరలను మొదటే సర్దకండి. వేసవి గడిచే దాకా వాటిని ఇనుప బీరువాలోనే ఉంచి, బీరువాను గోడకు జానెడు దూరంలో లోపలి గోడ వైపు పెట్టించండి. సామాను వెళ్లే రోజున పట్టుచీరల సంచిని లారీలో వేయక మీతో కారులో తీసుకువెళ్లండి. పాలు పొంగించేటప్పుడు మీరు కట్టుకోవలసిన చీర, దాని జాకెట్టు, లోపలి లంగా ముందురోజు రాత్రే విడిగా తీసి పెట్టుకోండి. ఆ జాకెట్టును తొడుక్కొని చూశాకే పెట్టండి.